ఊదు పొగలో పెరిగిన పిల్లలు

నారాయణపేట మగ్గాల వీధికి మనం చేరేసరికి పొద్దు వాలుతోంది. ఈ తలుపు తీసే ఉంది, లోపలికి చూడండి. గుంతమగ్గంలో కాళ్లు దించి కూర్చున్న నేతగాని చేతిలో నాడె అటూ ఇటూ పరుగెడుతోంది. మగ్గం మీద పసుపుపచ్చ చీర, అంచుకు గోపురాల వరుస. పక్కన నాలుగేళ్ల పిల్ల ఖాళీ కండెలు పేర్చుకుంటోంది. దీపాలవేళ తండ్రి లేచి మగ్గానికి మొక్కుతాడు. ఎవరూ చెప్పకుండానే పిల్లా చేతులు జోడిస్తుంది, తండ్రి ఎంత వంగితే అంత వంగుతుంది. నేతగాళ్ల మూలపురుషుడు మార్కండేయుడెవరో, రాఖీ పున్నమినాడు నాన్న కొత్త జంధ్యం ఎందుకు వేసుకుంటాడో ఆమెకింకా తెలియదు. మొక్కడం మాత్రం వచ్చేసింది.

నాలుగిండ్ల అవతల లింగాయతుల గడప. సరిహద్దు ఊరు కదా, ఇంట్లో కన్నడం, వాకిట్లో తెలుగు. ఒడిలో ఉన్న పసివాడికి పుట్టిన కొద్దిరోజులకే జంగమయ్య వచ్చి లింగం కట్టిపోయాడు. 12వ శతాబ్దంలో బసవన్న కళ్యాణ పట్టణంలో నిలబడి పుట్టుకతో మనిషిని కొలవొద్దన్నాడు. ఆయన మాటను నమ్మడం ఇప్పుడు ఈ బిడ్డకు పుట్టుకతోనే వచ్చింది. ఇంతలో మగ్రిబ్ అజాన్. వీధి చివర మసీదులో టోపీ సర్దుకుంటూ తాత పక్కన నిలబడ్డ పిల్లవాణ్ణి చూడండి. తాత వంగితే వంగుతాడు, లేస్తే లేస్తాడు. మధ్యలో ఓరకంట చూసి సరిచేసుకుంటాడు. మగ్గం దగ్గరి పిల్ల చేసిందీ ఇదే.

ఇక పల్లెకు పోదాం, ఆటో ఎక్కండి. ఇవాళ మొహర్రం, అదే పీర్ల పండుగ, ఆఖరి రాత్రి. దారికిరువైపులా నల్లరేగడిలో కంది, పత్తి మొలకలు. ఊరు దగ్గరపడేకొద్దీ డప్పు వినబడుతుంది, తర్వాత ఊదు వాసన. పీర్ల చావడి ముందు గుండంలో తుమ్మ మొద్దులు మండుతున్నాయి. దాని చుట్టూ కురుమలు, బోయలు, రెడ్లు, ముసలివాళ్లు, పడుచువాళ్లు దూలా ఆడుతున్నారు. ఈ ఊళ్లో తురకల ఇండ్లు రెండే. పీర్ల సేవ చూసే ముజావర్ అందులో ఒక ఇంటి మనిషి. పీరు ఎత్తుకున్నవాడు మాత్రం మేకలు కాసే కురుమాయన.

దగ్గరికి రండి. వెండి పంజాకు కట్టిన ఆకుపచ్చ దట్టీలు చెమటకు తడిసి ఆయన భుజానికి అంటుకున్నాయి. ఒక తల్లి బిందెడు నీళ్లు ఆయన కాళ్ల మీద కుమ్మరించి, చంకలోని బిడ్డ తలను దట్టీకి తాకించింది. ముజావర్ ఊదు బూడిద చిటికెడు తీసి ఆ నుదుట రాశాడు. బిడ్డ ఏడుపు లంకించుకుంది. తల్లి వేలితో ఇంత మలీద నోట్లో పెట్టగానే ఊరుకుంది. బెల్లం తీపి, పొగ వాసన, డప్పు మోత, అమ్మ గుండె చప్పుడు అన్నీ ఒక్కసారే లోపలికి పోయాయి. రేపెప్పుడో ఈ బిడ్డ పెద్దదై దేవుడు లేడన్నా, ఊదు వాసనకు ఒళ్లు జలదరిస్తుంది.

క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో జరిగిన హుసేన్ చావుకు ఇక్కడ ఎందుకేడుస్తారని అడగొచ్చు. గోలకొండ కుతుబ్‌షాహీలు షియాలు. 1590లలో హైదరాబాదులో బాద్‌షాహీ ఆశుర్‌ఖానా కట్టించారు. పట్నంలోని ఆ దుఃఖం పల్లెకు చేరి మొక్కుగా మారింది. పిల్లలు దక్కనివాళ్లు హుసేన్‌కు మొక్కారు. దక్కిన బిడ్డకు హుసేనప్ప, ఫకీరప్ప అని పేరు పెట్టి, మెడలో దారం వేసి, పండుగకు ఐదిండ్లు అడుక్కు రమ్మన్నారు.

అరుగు మీద ఒక అవ్వ, పక్కన పట్నం నుంచి వచ్చిన మనవడు. గొడవ చాలాసేపటి నుంచి నడుస్తోంది.

“ఇది మన పండుగ కాదవ్వా. మనకెందుకీ మొక్కులు?”

“నీ పేరే పీరు ఇచ్చింది రా. మీ నాయన నిన్ను ఫకీరును చేసి తిప్పిండు. మనది గాకుంటే ఎవరిది?”

“అప్పుడు తెల్వక చేసిన్రు.”

“ఇప్పుడు నీకెవరు తెలిపిన్రు?”

అతను జవాబివ్వలేదు. పట్నంలో అతనుండే గల్లీ, కలిసి తిరిగే దోస్తులు, రోజూ ఫోనులోకి వచ్చే వీడియోలు, అదీ ఒక పెంపకమే. ముజావర్ కొడుక్కూ పట్నంలో ఇలాంటి మాటే చెప్పారట, పీర్లు ఎత్తడం దీన్‌లో లేదని. ఇద్దరూ ఒకే చావడి ముందు పెరిగారు, ఇప్పుడు రెండు వైపుల నుంచి దాన్ని వద్దంటున్నారు. నాకు ఇది బాధగా ఉంది, దాచుకోను. పుట్టిపెరిగిన చోటు ఇచ్చిన నమ్మకాన్ని అరువు సొమ్మంటారు కొందరు. నేనొప్పుకోను. తల్లి భాషను కూడా మనం ఎంచుకోలేదు, అయినా మనసారా ఏడ్చేది అందులోనే.

అయితే డప్పు కొడుతున్నవాళ్లను కూడా చూడండి. గుండానికి కొంచెం ఎడంగా నిలబడ్డారు. వాళ్ల పిల్లలకు ఈ రాత్రి అందుతున్నది డప్పు దరువు ఒక్కటే కాదు, ఎక్కడ ఆగాలో కూడా. ఇలాగే పాలమూరు కురుమూర్తి జాతరలో స్వామి ఉద్దాలకు, అంటే పాదుకలకు, జనం తల వంచి మొక్కుతారు. ఆ ఉద్దాలు తయారుచేసేది వడ్డెమాన్ మాదిగలు. చేతి పనికి మొక్కు, మనిషికి ఎడం, రెండూ ఒకే పిల్లవాడు చూస్తూ పెరుగుతాడు. పాలమూరు పల్లెల్లో మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు బడులు, దవాఖానలు తెరిచినప్పుడు ఇలా ఎడంగా ఉంచిన వాడలే ముందు కదిలాయంటే వింతేముంది? గుడి మెట్ల కింద ఆపడమూ ఒక పాఠమే. అది నేర్చినవాళ్లు తమను లోపలికి పిలిచిన చోటికి పోయారు. చుట్టూ ఉన్నవాళ్లు చేయి పట్టి ఎంత నేర్పుతారో, తోసేసీ అంత నేర్పుతారు.

తెల్లవారుతోంది. ఉప్పు చల్లి, నిప్పుల మీదుగా పీర్లు దాటాయి. మధ్యాహ్నానికి ఊరంతా వెంట నడిచి కుంట దగ్గరికి సాగనంపింది. దట్టీలు విప్పి, పంజాలు కడిగి, పెట్టెలో పెట్టారు. పెద్దవాళ్లు కళ్లు తుడుచుకుంటూ తిరిగొచ్చేసరికి చావడి ముందు పిల్లలు సొంత పండుగ మొదలుపెట్టారు. తుమ్మ కట్టెకు రవికె గుడ్డ కట్టి పీరు చేశారు, పళ్లెం మీద పుల్లతో డప్పు. హుసేన్‌ను ఎవరెత్తుకోవాలని కొట్లాట. పట్నం మనవడి బిడ్డ, ఐదేళ్లది, అడ్డం పడి కట్టె పట్టుకుంది. తండ్రి వచ్చి చేయి లాగాడు.

“వద్దమ్మా, అది మనది కాదు.”

“ఎందుకు?”

అతను అటూ ఇటూ చూశాడు. అవ్వ అరుగు దిగి వచ్చి ఎదురుగా నిలబడింది.

“పిల్ల అడుగుతున్నది గద, చెప్పు. నేను గూడ వింట.”