నిజం చెప్పే స్పీకరు

సంక్రాంతి వెళ్ళిన పిమ్మట అహోబిల నృసింహస్వామి పారువేట పల్లకి రుద్రవరం ప్రాంతపు పల్లెలకు విచ్చేయటం అనూచానంగా వస్తున్న ఆచారం. ఆ రోజులలో పల్లె భజనబృందం పాడినదానిని నేడు ఒక యువకుడు రికార్డు చేసి, గొంతునూ మద్దెలనూ తాళాలనూ పాళ్ళు కుదిర్చి, ఇంటిలోనే పాటగా కూర్చుకొనవచ్చును. దీనినే మిక్సింగ్ అంటారు. మునుపు స్టూడియోలకే పరిమితమైన ఈ పని ఇంటికి రాగానే ఒక ప్రశ్న పుట్టినది: ఏ స్పీకరును నమ్మి పాళ్ళు నిర్ణయించవలెను?

సమాధానానికి కొంత చరిత్ర తెలియవలెను. నేటి స్పీకరుకు మూలమైన రూపాన్ని 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు వివరించారు. అయస్కాంతం నడుమ తీగచుట్ట కదలగా, దానికి అతికిన కాగితపు శంకువు గాలిని కదిలించి ధ్వని పుట్టిస్తుంది. 1948లో విజయవాడలోను, 1963లో కడపలోను ఆకాశవాణి కేంద్రాలు వెలసే నాటికి రేడియో కంట్రోలు గదులలో ఈ సాధనమే కాపలాదారు. శ్రోతకు చేరవలసిన ధ్వనిలో లోపముంటే ముందుగా అక్కడ తెలియవలెను. ఈ పనిచేసే స్పీకరుకే మానిటర్ అని పేరు.

1970 దశకపు తొలినాళ్ళలో బి.బి.సి. ఇంజనీర్లు ప్రసార వాహనాలలోని ఇరుకు చోటు కొరకు ఎల్.ఎస్. 3/5ఎ అనే చిన్న మానిటరును రూపొందించారు. చిన్న పెట్టె కూడా నమ్మదగినదేనని అది రుజువు చేసినది. 1978లో జపానులోని యమహా సంస్థ ఎన్.ఎస్. 10 అనే స్పీకరును ఇండ్లలో వినేవారి కొరకు విడుదల చేసినది. దాని పలుకు కొంత కరకు. అయినా స్టూడియోలవారు దానిని కోరి తెచ్చుకున్నారు. దానిపై కుదిరిన పాట మరెక్కడ విన్నా కుదిరేదని వారి అనుభవం. 2001లో దాని తయారీ ఆగినది. నేర్పిన పాఠం మిగిలినది. వేడుకకు కొన్న స్పీకరు పాటను ముస్తాబు చేసినా తప్పులేదు; పనికి కొన్నది లోపాన్ని దాచరాదు.

స్పీకరు మంచిదైనా గది మోసగించవచ్చును. సెకనుకు 50 కంపనాలుగల మంద్రధ్వనికి అలపొడవు సుమారు 7 మీటర్లు. మన గది పొడవు తరచు అందులో సగమే. అందుచేత మంద్రం గోడలకు తగిలి ఒకచోట పేరుకొని, మరొకచోట సన్నగిల్లుతుంది. స్పీకరు మూలలో ఉంటే మద్దెల మితిమీరి వినిపిస్తుంది. యువకుడు దానిని తగ్గిస్తాడు. తీరా పొరుగింటిలో వింటే మద్దెల జాడ ఉండదు.

చిన్న గదికి 5 అంగుళాల శంకువుగల జత చాలును. వాటిని చెవుల ఎత్తున, గోడలకు ఎడంగా ఉంచి, రెండు పెట్టెలూ మీ తలా సమత్రిభుజపు కోణాలుగా అమరునట్లు కూర్చొనండి. కొనేముందు మీకు కంఠస్థమైన పాటలు పెట్టించి, తక్కువ ధ్వనిలో వినండి. కూర్పు ముగిసిన తరువాత ఇంటి రేడియో పెట్టెలోను, చేతి ఫోనులోను మరల పరీక్షించండి.

పారువేట మరల ఏడాదికి వస్తుంది. ఈ ఏడు పాడిన ముదుసలి గొంతు మరుసటి ఏటికి ఉంటుందో, లేదో. దానిని ఉన్నది ఉన్నట్లుగా మనుమలకు అందించటానికే ఇంత జాగ్రత్త.