చిన్నారులకు సీసం ముప్పు.. నివారణ ఇంట్లోనే

సీసం పిల్లల మెదడు ఎదుగుదలను పైకి కనిపించకుండానే దెబ్బతీస్తుంది. రక్తంలో సీసానికి సురక్షిత స్థాయి అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. దేశంలో సుమారు 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములకు మించి సీసం ఉన్నట్లు యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో అంచనా వేశాయి. మెదడుకు జరిగిన నష్టాన్ని మందులతో పూడ్చలేనందున నివారణే శరణ్యం.

ఎలా చేరుతుంది?
గృహావసర రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించరాదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు తలుపులు, కిటికీలకు వేసిన రంగు పెచ్చులూడి దుమ్ములో కలుస్తుంది. పాత బ్యాటరీలు కరిగించే చోటి మట్టి, లెడ్ క్రోమేట్ కలిపిన కల్తీ పసుపు, కొన్ని రకాల సుర్మా, సీసం కలిసిన తగరంతో కళాయి వేసిన పాత్రల ద్వారానూ సీసం శరీరంలోకి చేరుతుంది.

తీసుకోవాల్సిన జాగ్రత్తలు
* పాత రంగును పొడిగా గీకరాదు. తడిపి తీయాలి. ఆ సమయంలో పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచాలి.
* నేలను, కిటికీ అంచులను తడిగుడ్డతో తుడవాలి.
* భోజనానికి ముందు పిల్లల చేతులు సబ్బుతో కడగాలి.
* బ్యాటరీ పనివారు స్నానం చేసి, దుస్తులు మార్చుకున్నాకే బిడ్డలను ఎత్తుకోవాలి. పని దుస్తులను విడిగా ఉతకాలి.
* అసహజంగా మెరిసే పసుపు కొమ్ములు, పొడి కొనరాదు. పసిపిల్లల కళ్లకు సుర్మా పెట్టరాదు.
* ఇనుము, కాల్షియం లోపిస్తే శరీరం సీసాన్ని ఎక్కువగా గ్రహిస్తుంది. ఆకుకూరలు, రాగిజావ, పాలు ఇవ్వాలి.

కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, చదువులో వెనుకబాటు కనిపిస్తే వైద్యుని సంప్రదించాలి. లక్షణాలు లేకున్నా సీసం ఉండవచ్చు. రక్తపరీక్షతోనే నిర్ధారణ అవుతుంది.