ప్యాకేజీల పేచీ: డెబియన్‌లో తెలుగు ఫాంట్ల దారి

లైనక్స్‌లో ఏ ప్రోగ్రామూ ఒంటరిగా రాదు. దానికి కావలసిన లైబ్రరీలు, ఫాంట్లు వేరే ప్యాకేజీల్లో ఉంటాయి. ఒకే లైబ్రరీలో రెండు ప్రోగ్రాములు చెరో వెర్షన్ అడిగినా, రెండు ప్యాకేజీలు ఒకే ఫైలు మీద హక్కు చెప్పినా పేచీ మొదలవుతుంది.

1993 ఆగస్టులో ఇయన్ మర్డాక్ డెబియన్ అనే లైనక్స్ పంపిణీని ప్రకటించాడు. అంతకు నెల ముందే వచ్చిన మరో పంపిణీ స్లాక్‌వేర్‌లో ప్యాకేజీ అంటే కట్టకట్టిన ఫైళ్లే. ఏది దేనిమీద ఆధారపడుతుందో చూసుకునే బాధ్యత వాడేవాడిదే. డెబియన్‌లో ప్యాకేజీలను వేసే సాధనంగా 1994లో రూపుదిద్దుకున్న డీపీకేజీని ఇయన్ జాక్సన్ సీ భాషలో తిరగరాశాడు. డెబియన్ ప్యాకేజీల్లో ఒక కంట్రోల్ ఫైలు ఉంటుంది. ఫలానాది కావాలంటే ‘డిపెండ్స్’, ఫలానాదానితో పొసగదంటే ‘కాన్‌ఫ్లిక్ట్స్’, ఫలానాదాని ఫైళ్లు ఇకపై నావేనంటే ‘రీప్లేసెస్’ అని ప్యాకేజీ తయారుచేసినవారు అందులో రాస్తారు. రాసింది తప్పైతే ఆ తర్వాత ఎంత తెలివైన సాధనమైనా తప్పు దారే పడుతుంది.

డీపీకేజీ లోపాన్ని పట్టుకుంటుంది గానీ, లేనిదాన్ని వెతికి తేదు. 1995 నాటి రెడ్‌హ్యాట్ ఆర్‌పీఎందీ అదే తీరు. ఒక ఫైలు వేయబోతే అది ఇంకో మూడు అడుగుతుంది, ఆ మూడూ మరికొన్ని అడుగుతాయి. ఈ తిప్పలకే ‘డిపెండెన్సీ హెల్’ అన్న పేరు స్థిరపడింది. 1999 మార్చిలో డెబియన్ 2.1తో వచ్చిన ఆప్ట్ ఈ గొలుసును తానే లెక్కగట్టి, కావలసినవన్నీ నెట్ నుంచి దించుకోవడం మొదలుపెట్టింది. అయితే నెట్ ఉండాలి కదా! 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలయ్యేదాకా కశింకోట లాంటి చిన్న ఊళ్లకు ఫోను లైను మీద నడిచే డయలప్పే దిక్కు. 2003లో మొదలైన ‘లైనక్స్ ఫర్ యూ’ లాంటి పత్రికలతో వచ్చే సీడీలే ఆ రోజుల్లో చాలామందికి ఆధారం. సీడీలో లేని ప్యాకేజీ అవసరమైతే పని అక్కడికి ఆగిపోయేది.

తెలుగు ఫాంట్ల కథలో ఈ యంత్రాంగం దగ్గరగా కనిపిస్తుంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000 ఫాంట్లు డెబియన్‌లో ‘టీటీఎఫ్-తెలుగు-ఫాంట్స్’ అనే ప్యాకేజీగా ఉండేవి. ఫాంట్ ప్యాకేజీలన్నింటి పేర్లూ ‘ఫాంట్స్-’తో మొదలవ్వాలన్న కొత్త పద్ధతి రావడంతో, 2013లో విడుదలైన డెబియన్ ‘వీజీ’ నాటికి ఇవి ‘ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా’లోకి మారాయి. రెడ్‌హ్యాట్ వారి లోహిత్ తెలుగు ‘ఫాంట్స్-లోహిత్-తెలు’ అయింది. ఈ రెంటినీ కలిపి తెచ్చే గొడుగు ప్యాకేజీ ‘ఫాంట్స్-తెలు’.

పేరు మార్చడం చూడ్డానికి చిన్న పనే. కానీ అప్పటికే పాత ప్యాకేజీ ఉన్న కంప్యూటర్లో కొత్తది దిగినప్పుడు, ఒకే ఫైలు రెండింటిలోనూ ఉంటే డీపీకేజీ మొరాయిస్తుంది. అందుకే కొత్త ప్యాకేజీ తాను పాతదాన్ని ‘రీప్లేస్’ చేస్తున్నట్టు, దాని పాత వెర్షన్లు తనతో పొసగవని (‘బ్రేక్స్’) ముందే చెప్పాలి. పాత పేరుతో ఒక ఖాళీ ప్యాకేజీని కూడా కొంతకాలం ఉంచుతారు. అది కొత్తదాన్ని లాక్కొస్తుంది, ఆ తర్వాత దాన్ని తీసేయవచ్చు. ఇదంతా సరిగ్గా జరిగినచోట తెరమీద తెలుగు మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి, ఈ చాకిరీని ఎవరూ గమనించరు.

ఇన్ని షరతుల మధ్య పొందిక కుదర్చడం ఎంత కష్టమో యూరప్‌లో 2004లో మొదలైన ఈడోస్ పరిశోధన తేల్చింది. ఒక ప్యాకేజీని అసలు వేయగలమా లేదా అన్న ప్రశ్నే ఎన్‌పీ-కంప్లీట్ అని అది నిరూపించింది. అంటే అన్ని సందర్భాల్లోనూ త్వరగా జవాబిచ్చే పద్ధతి ఇంతవరకూ ఎవరికీ దొరకని కోవలోది. అయినా నిజజీవితంలో ఎదురయ్యే చిక్కుముడులు చాలావరకు విప్పగలిగినవే. ప్రతి ప్యాకేజీనీ ఉండాలా, వద్దా అన్న ప్రశ్నగా మార్చి తర్కంతో తేల్చే ‘శాట్’ సాల్వర్‌ను 2008లో ఓపెన్‌సూసే 11.0 వాడింది. 2015లో ఫెడోరా 22లో యమ్ అనే పాత ప్యాకేజీ సాధనం స్థానంలోకి వచ్చిన డీఎన్ఎఫ్ కూడా ఆ బాటే పట్టింది.

ఆప్ట్ మాత్రం చాలాకాలం తన పాత అంచనాల పద్ధతినే నమ్ముకుంది. 2021 నవంబరులో దాని పరిమితి రచ్చకెక్కింది. యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే లైనక్స్‌లో గేముల వేదిక స్టీమ్‌ను వేయబోతే, వెర్షన్ల పేచీకి ఆప్ట్ చూపిన పరిష్కారం డెస్క్‌టాప్‌నే తీసేయడం. హెచ్చరించి, ‘యెస్, డూ యాజ్ ఐ సే!’ అని టైపు చేయమంది. ఆయన చేశాడు, డెస్క్‌టాప్ పోయింది. అప్పటిదాకా హెచ్చరిక చాలనుకున్న ఆప్ట్, కీలక ప్యాకేజీల తొలగింపును ఆ ఒక్క వాక్యంతో అనుమతించే పద్ధతిని మానుకుంది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఆప్ట్ 3.0లో జూలియన్ ఆండ్రెస్ క్లోడ్ రాసిన కొత్త సాల్వర్ ఉంది. వాడేవారు తామే అడిగి వేయించుకున్న ప్యాకేజీని తీసేయడాన్ని అది పరిష్కారాల్లో లెక్కించదు.