బాప్తిస్మము ఆగిన పదిహేను నెలలు



శ్రమ వచ్చినప్పుడు విశ్వాసి నోట మొదట వచ్చే మాట మీకు తెలుసు. నేను ప్రార్థన చేశాను, ఉపవాసమున్నాను, దశమభాగమిచ్చాను, అయినా నాకెందుకు ఈ కష్టం? ఇలా అడగడం పాపం కాదు. యోబు అడిగాడు, దావీదు అడిగాడు. కాని ఆ మాట వెనక ఒక లెక్క ఉంది. నేను దేవునికి ఇంత ఇచ్చాను గనుక ఆయన నాకు ఇంత ఇవ్వాలి అనే లెక్క. యోబు గ్రంథము మొదటి అధ్యాయంలో సాతాను పట్టుకున్నది సరిగ్గా ఈ లెక్కనే. లాభం లేకుండా యోబు భక్తి చేస్తాడా అని వాడు దేవుని యెదుటనే అడిగాడు.

ప్రియులారా, ఆ ప్రశ్న మన తెలుగు నేలమీద కూడా ఒకసారి వినబడింది. ఈ దినము ఆ చరిత్రను ధ్యానిద్దాం.

1876లో వానలు పడలేదు. అది ధాత నామ సంవత్సరం. అందుకే మన పెద్దలు దానిని ధాత కరువు అన్నారు. 1878 వరకు మద్రాసు రాజధాని, మైసూరు, దక్కను ప్రాంతాలు ఆ కరువులో మలమల మాడిపోయాయి. ఆకలికి, వెనువెంటనే వచ్చిన కలరాకు, మశూచికి, జ్వరాలకు లక్షలాది మంది బలైపోయారు. మృతుల సంఖ్య యాభై లక్షలు దాటిందని చరిత్రకారుల అంచనా. ప్రభుత్వం సహాయపు పనులు పెట్టింది గాని, 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి ఖర్చు తగ్గించాలన్నాడు. రోజంతా మట్టి తవ్విన మగ కూలీకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. పౌను అంటే అర కిలోకన్నా తక్కువ! గింజ పండని దేశంలో ముందుగా పడిపోయింది ఎవరు? సెంటు భూమి లేనివారు, ఊరి వెలుపల ఉంచబడినవారు, పెద్ద రైతు పొలంలో పని దొరికితేనే పొయ్యి వెలిగించుకొనేవారు.

ఒంగోలు ప్రాంతపు క్రైస్తవులలో ఎక్కువమంది వారే. వారి మధ్య సంఘం ఎలా మొదలయిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1840 నుండి నెల్లూరు కేంద్రంగా పనిచేసింది. ఏళ్లు గడిచినా ఫలితం వేళ్లమీద లెక్కపెట్టేంతే. 1853లో అమెరికాలోని ఆల్బనీ సభలో ఈ మిషను మూసివేద్దామా అని చర్చ జరిగింది. పటంమీద ఒంటరిగా కనిపించిన నెల్లూరును ఒంటరి నక్షత్రం అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం అయిదుగురు ఒంగోలులో ఒక కొండ ఎక్కి ప్రార్థించారు. ప్రార్థన కొండ అని ఈనాటికీ పిలిచేది దానినే. పన్నెండేళ్ల తర్వాత, 1866లో జాన్ క్లౌ అనే యువ మిషనరీ ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది. మాదిగ పల్లెల నుండి యెర్రగుంట్ల పేరయ్య వంటి సాక్షులు లేచారు. కరువు నాటికి సంఘస్థులు మూడు వేలు దాటారు.

ఆ మూడు వేలమంది మొక్కిన దేవుడు వారి పొలాలమీద మాత్రమే వాన కురిపించలేదు. వారి పాకల్లో కూడా కుండలు బోర్లించబడ్డాయి. వారి పిల్లలు కూడా ఏడ్చారు. దీనిని మనం దాచకూడదు.

క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలో సర్వేయరు పని చేసినవాడు. సముద్రతీరం వెంబడి బకింగ్‌హాం కాలువ తవ్వకం కరువు పనిగా సాగుతుండగా, ఆయన మూడున్నర మైళ్ల మేర కాంట్రాక్టు తీసుకున్నాడు. క్రైస్తవులని, క్రైస్తవేతరులని చూడకుండా వచ్చినవారికల్లా పని ఇచ్చాడు. సువార్తికులే మేస్త్రీలయ్యారు. మగవారు పలుగు పార పట్టారు, ఆడవారు గంపలతో మట్టి మోశారు. విశ్రాంతి వేళ ఆ సువార్తికులు కూలీలతోపాటు మట్టిగట్టుమీద కూర్చుని ప్రభువును గూర్చి చెప్పేవారు. అక్కడ వారికి మిక్కిలి ప్రియమైన వచనం మత్తయి 11:28. బరువు మోస్తున్నవారిని పిలిచిన యేసు మాట అది. నెత్తిమీది గంప అప్పుడే దించిన మనిషికి ఆ పిలుపు ఎలా వినబడి ఉంటుందో ఆలోచించండి.

బాప్తిస్మము ఇమ్మని జనం అడగసాగారు. అప్పుడు క్లౌ తీసుకున్న నిర్ణయం గమనించండి. ఇవ్వనన్నాడు. కూలి డబ్బు, సహాయపు సొమ్ము తన చేతి మీదుగా పోతున్నంతకాలం ఎవరూ గింజల కోసం క్రీస్తు పేరు చెప్పుకోకూడదన్నాడు. సుమారు పదిహేను నెలలు బాప్తిస్మములు ఆపివేశాడు. అన్నం అందరికీ పెట్టాడు, బాప్తిస్మము ఎవరికీ ఇవ్వలేదు!

1878 నడిమికి సహాయం ముగిసింది. ఇక ఇచ్చేదేమీ లేదని తెలిసి కూడా జనం వచ్చారు. వారు చెప్పిన సంగతిని క్లౌ తన జ్ఞాపకాలలో రాశాడు. దాని సారాంశం ఇది: మేము సహాయం అడగడం లేదు, కష్టపడి బ్రతికినవారమని మా చేతుల బొబ్బలే చెబుతాయి. రాబోయే పంట కూడా పోతే చచ్చిపోతాము, అయితే క్రైస్తవులుగా చావనివ్వండి.

ఒంగోలులో మశూచి ఉన్నందున వారిని ఊరికి ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర కూడుకొమ్మన్నారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇచ్చారు. ఆ సంవత్సరాంతానికి ఆ సంఖ్య 9,606.

కొందరంటారు, ఆకలిలో అన్నం పెట్టినందుకే జనం వచ్చారని. అన్నం పెట్టిన చేతిని వారు మరువలేదన్నది నిజమే. మరువకపోవడం తప్పా? మనుష్యులుగా ఎంచబడనివారిని మనుష్యులుగా ఎంచిన ప్రేమను వారు కాలువగట్టున చూశారు. అయితే ఆ తొమ్మిదివేల హృదయాలలో ఏముందో చెప్పడం మన పని కాదు. దేవుడే ఎరుగును. మనకు కనబడే సంగతి ఒకటి చాలు. గింజలు ఇస్తున్నన్నాళ్లు తలుపు మూసి ఉంది, గింజలు అయిపోయాక తెరిచారు. అప్పుడు కూడా జనం లోపలికి నడిచారు. లాభం లేకుండా భక్తి చేస్తారా అన్న సాతాను ప్రశ్నకు గుండ్లకమ్మ ఒడ్డున ఒక జవాబు దొరికింది.

ప్రియ చదువరీ, ఈ చరిత్ర నిన్ను రెండు విషయాలు అడుగుతోంది. మొదటిది, నీ సంఘం కష్టంలో ఉన్నవారికి బియ్యం మూట ఇచ్చేటప్పుడు ఆ మూటకు ఏ షరతైనా కడుతోందా? 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఎవరిది ఏ మతమని అడిగి ఇళ్లలోకి రాలేదు. అన్నం పెట్టేవాడు కూడా అడగకూడదు. రెండవది, నమ్మితే అప్పు తీరుతుంది, రోగం పోతుంది, ఉద్యోగం వస్తుంది అని మాత్రమే నీవు విని ఉంటే, అవి రాని రోజున నీ దగ్గర ఏమి మిగులుతుంది?

దేవుడు అప్పులు తీర్చగలడు, రోగులను స్వస్థపరచగలడు. అడుగుదాం, విసుగక అడుగుదాం. కాని హబక్కూకు ప్రవక్త పంట లేని పొలాన్ని, పశువు లేని దొడ్డిని చూస్తూనే తన దేవునియందు ఆనందించాడు. మన ముత్తవ్వలు, ముత్తాతలు బొబ్బలెక్కిన చేతులతో అదే విశ్వాసాన్ని పట్టుకున్నారు. మనకు వారు విడిచిపోయిన ఆస్తి అదే. ఈ రాత్రి నీ ఇంట పొయ్యి వెలగకపోయినా, ఆసుపత్రి మంచం ప్రక్కన నీవు మేలుకొని ఉన్నా, ఆ ఆస్తి నీది కూడా. దానిని విడువకు.

ప్రభువు మిమ్మును బలపరచి కాపాడును గాక. ఆమేన్.