ఆర్‌పీఎం ఎక్కువైతే ఇంజన్ త్వరగా పోతుందా? ఆయిల్ ఇంజన్ నుంచి ఎఫ్1 దాకా

"బండి అంత లాగకురా, ఇంజన్ పోతుంది" అని మెకానిక్ అన్న దగ్గర్నుంచి నాన్న దాకా అందరూ అంటారు. అందులో సగమే నిజం. ఎందుకో పాత ఇంజన్లని చూస్తే తెలుస్తుంది.

ఇంగ్లండ్‌లోని డర్స్‌లీ అనే ఊళ్లో లిస్టర్ కంపెనీ 1930ల్లో సీఎస్ అనే డీజిల్ ఇంజన్ చేసేది. ఒకటే సిలిండర్, ఇంతింత ఫ్లైవీల్స్. ఆరు హార్స్‌పవర్ మోడల్ నిమిషానికి తిరిగేది 650 సార్లే! దీని కాపీలు రాజ్‌కోట్‌లో తయారై మన దేశంలో పొలాలకి నీళ్లు తోడాయి. తాతల కాలం ఆయిల్ ఇంజన్ టక్ టక్ సౌండ్ ఉంది చూశారా, అదే ఫ్యామిలీ. దశాబ్దాలు నడిచాయి.

దీనికి పూర్తిగా రివర్స్ ఫార్ములా వన్. 2006లో కాస్‌వర్త్ వీ8 ఇంజన్ 20,000 ఆర్‌పీఎం దాకా వెళ్లింది. తర్వాత రూల్స్‌లోనే లిమిట్ పెట్టారు: 2007లో 19,000, 2009లో 18,000. ఆ 2009లోనే డ్రైవర్‌కి సీజన్ మొత్తానికి ఎనిమిది ఇంజన్లే అన్నారు. ఇంజన్ ఎక్కువ రేసులు బతకాలి, అందుకని తిరుగుడు తగ్గించారు.

అయితే 1999లో వచ్చిన హోండా ఎస్2000 సంగతేంటి? రోడ్డు మీద తిరిగే కారు, రెడ్‌లైన్ 9,000! ఇక్కడ చిన్న లెక్క. స్ట్రోక్‌ని రెండుతో, ఆర్‌పీఎంతో గుణించి 60తో భాగిస్తే పిస్టన్ సగటు వేగం వస్తుంది. ఎస్2000 స్ట్రోక్ 84 మిల్లీమీటర్లు, అంటే సెకనుకి 25 మీటర్లు. ఎఫ్1 వీ8 స్ట్రోక్ సుమారు 40, 19,000 దగ్గర అదీ 25 మీటర్లే! లిస్టర్ స్ట్రోక్ దాదాపు 140 ఉన్నా వేగం 3 మీటర్లే.

మరి ఆ ఎఫ్1 ఇంజన్ కొన్ని రేసులకే ఎందుకు అయిపోయేది? పిస్టన్ పైకెళ్లి ఆగి, వెనక్కి తిరిగే చోట పడే గుంజుడు ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. ఆ ఎఫ్1 వీ8లో అది ఎస్2000 కంటే రెట్టింపు. పైగా రేసంతా దాదాపు అక్కడే తిప్పేవారు. రోడ్డు కారు 9,000 తాకేది ఎప్పుడో కాసేపు.

హోండా 2004లో అమెరికా ఎస్2000కి 2.2 లీటర్ ఇంజన్ పెట్టి స్ట్రోక్ 90.7కి పెంచింది. వెంటనే రెడ్‌లైన్ 8,000కి దించింది. డీజిల్ కార్లకి రెడ్‌లైన్ తక్కువ ఉండేదీ బరువు పార్టులు, పొడుగు స్ట్రోక్ వల్ల కూడా.

కాబట్టి వేడెక్కిన ఇంజన్‌ని, ఆయిల్ సరిగ్గా ఉంటే, అప్పుడప్పుడు రెడ్‌లైన్ దగ్గరికి తీసుకెళ్లొచ్చు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి వెంటనే రైజ్ చేయడమే నాకు నచ్చని పని. మీ బండి స్ట్రోక్ స్పెక్ షీట్‌లో ఉంటుంది, ఓసారి లెక్కేసి చూడండి. ఉంటా మరి.