పలుగూ పారా పట్టిన సిపాయిలు: బెంగుళూరు సాపర్ల కేంద్రం, మన పేటలు

పశ్చిమ గోదావరిలో మిలట్రీ అనగానే అందరూ తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం పేరే చెబుతారు. దాన్ని మిలటరీ మాధవరమనే పిలుస్తారు, పత్రికలు రాస్తూనే ఉంటాయి. ఆ ఊరి కీర్తి మీద మనకు పేచీ లేదు. కానీ పాలకొల్లు చుట్టుపక్కల పేటల నుంచి బెంగుళూరు పోయి సాపర్లయినోళ్ల సంగతి ఎవరు రాశారు? మా తాత వాళ్లలో ఒకడు, రెండో ప్రపంచ యుద్ధం నాటి రిక్రూటు. ఆయన రేకుపెట్టె ఇంకా ఇంట్లో ఉంది, డిశ్చార్జి కాగితం మాత్రం చెదలు తినేశాయి. కాబట్టి ఆయన్ని సిపాయిని చేసిన కేంద్రం నుంచే మొదలుపెట్టాలి.

1780లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో రెండు పయనీర్ కంపెనీలు పెట్టారు. సాపర్లకు మూలం అదే. పయనీర్లంటే ఫౌజుకు ముందు నడిచి దారి చేసేవాళ్లు. అడవి కొట్టాలి, బాట వెయ్యాలి, వాగు మీద వంతెన కట్టాలి, కోటగోడ కింద సొరంగం తవ్వాలి. 1834లో వీళ్ల స్థావరం బెంగుళూరుకు చేరింది. అల్సూరు చెరువు దగ్గర ఇప్పటికీ ఉంది, పేరు మద్రాస్ ఇంజనీర్ గ్రూప్. ముళ్లకంచెలు పేల్చడానికి గొట్టంలో మందు కూరిన 'బెంగుళూరు టార్పెడో'ని 1912లో తయారుచేసింది ఇక్కడి అధికారి మెక్‌క్లింటాకే.

1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాధిపతిగా, ఆ తర్వాత మొత్తం భారత సేనాధిపతిగా చేసిన రాబర్ట్స్ ఒక తీర్పు చెప్పాడు. ఎక్కువకాలం యుద్ధాలు లేక దక్షిణాది సిపాయి పౌరుషం చచ్చిపోయిందట! ఇలా 'యుద్ధజాతుల' సిద్ధాంతం బలపడ్డాక పంజాబీలకూ గూర్ఖాలకూ పెద్దపీట పడింది, మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే తరిగిపోయాయి. 1890ల తొలినాళ్లలో మహర్లకూ తలుపు మూశారు. అంబేద్కర్ తండ్రి రాంజీ సుబేదారు, సైనిక పాఠశాలలో పంతులు. ఆ తర్వాతి తరానికి ఆ దారే లేకుండా చేశారు.

సాపర్లలో మాత్రం పంచముల భర్తీ ఆగలేదు. ఎందుకని? ప్రేమతో కాదు, తవ్వేవాడు కావాలి కాబట్టి. తుపాకికి పనికిరాదన్న చెయ్యి పారకు పనికొచ్చింది! అంటే ఊళ్లో కులం మన నెత్తిన పెట్టిన మట్టిపనినే సైన్యమూ ఇచ్చిందా? కొంత నిజమే. కాకపోతే ఊళ్లో ఆ పనికి గింజలు కొలిచేవారు. బెంగుళూరులో అదే పనికి యూనిఫారం, నంబరు, నెలజీతం. అది చిన్న తేడా కాదు.

తాత చెప్పిన శిక్షణ అంతా కాళ్లతో మొదలయ్యేది. ఎన్నడూ చెప్పులెరగని పాదాలకు బూట్లు. బొబ్బలు మానకముందే పెరేడు. తర్వాత పలుగు పట్టడం, ముడులు వెయ్యడం, పడవల వంతెన కట్టడం. సాయంత్రం రోమన్ ఉర్దూ, అంటే ఇంగ్లీషు అక్షరాల్లో హిందుస్తానీ. తాతకు తెలుగు అక్షరాలకన్నా ముందు అవే వచ్చాయి. అన్నం ఒకే వంటశాలలో. కులంతో పని లేకుండా సాపరు ఎవడైనా 'తంబి'యే, అరవంలో తమ్ముడని. అయినా భర్తీ పత్రంలో కులం గడి ఉండనే ఉంది!

1941లో మహర్ రెజిమెంట్ పుట్టింది. మాల, మాదిగల పేరుతో అలాంటిదేదీ రాలేదు. మనోళ్లు సాపర్లలో కలిసిపోయారు. 1944లో ఇటలీలో పేలబోయే మందుపాతర మీద పడుకుని తోటివాళ్లను కాపాడి చనిపోయిన సుబేదార్ సుబ్రహ్మణ్యం, జార్జ్ క్రాస్ పొందిన తొలి భారతీయుడు, మద్రాసు సాపరే.

యుద్ధం ముగిశాక తాతను ఇంటికి పంపేశారు. యుద్ధకాలపు భర్తీ కనుక పెన్షను లేదు. "బెంగుళూర్లో తంబినిరా, రైలు దిగి కాలవ గట్టెక్కేసరికి మళ్లీ 'ఒరే'నైపోయాను" అనేవాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ కూడా మద్రాసు ఇంజనీర్ల అధికారే. ఆయన విగ్రహాలు డెల్టా అంతా ఉన్నాయి. వేసవిలో కాలవ కట్టేసినప్పుడల్లా తాత పూడికతీతకు పోయేవాడు. గట్టు ఏ వాలులో వెయ్యాలో ఒకసారి మేస్త్రీకి చెప్పబోయాడట. "మిలట్రీ అయితే ఏంట్రా, తవ్వు" అన్నాడట ఆయన. తాత తవ్వాడు, వాలు మాత్రం తనకు తెలిసినట్టే వేశాడు.