బ్రేకినస్పెక్టరు పరీక్ష ఎక్కడ పుట్టింది?

కిందటి నెలలో నేను పరీక్ష తప్పాను. పదో తరగతి గట్టెక్కిన తరువాత ఇన్నేళ్ళకు మళ్ళీ ఒక పరీక్షకు వెళ్ళాను, అదీ తప్పాను. వంటలోనో కుట్టుపనిలోనో కాదండీ, కారు నడపటంలో. నలభై నాలుగేళ్ళ మనిషికి ఇప్పుడీ సరదా ఏమిటని నవ్వకండి. సరదా కాదు. రాత్రిపూట ఎదుటి బండి దీపాలు కళ్ళలో పడితే మావారికి చూపు ఆనటం లేదు. అబ్బాయి చదువుకని ఊరు దాటాడు. మా అత్తగారికి ఆయాసం. మాఘమాసంలో ఒక రాత్రి ఆవిడకు ఊపిరి అందకపోతే, కారును వాకిట్లోనే పెట్టుకుని, వీధి చివర ఉండే ఆటో అబ్బాయిని నిద్ర లేపుకొచ్చాం. అతను వచ్చేదాకా ఆవిడ వీపు రాస్తూ కూర్చున్నాను చూడండి, అప్పుడే నిశ్చయించుకున్నాను, ఇక నేర్చుకోవలసిందేనని.

నేర్చుకోవటం అనుకున్నంత కష్టమేమీ కాలేదు. కాలికి క్లచ్చి, చేతికి గేరు అలవాటు కావటానికి మూడు వారాలు పట్టింది, అంతే. పరీక్షనాడు మాత్రం మెరక మీద బండి ఆపి మళ్ళీ కదపమన్నారు. బ్రేకు మీద నుంచి కాలు తీశానో లేదో, బండి వెనక్కి జారింది. జానెడూ మూరెడూ కాదు, రెండు బారలు! "మళ్ళీ రండమ్మా" అన్నారు. తల వంచుకుని బయటికి వస్తుంటే ఒకాయన దగ్గరకొచ్చాడు. "మీకెందుకమ్మా ఈ అవస్థ? కాస్త ఖర్చు పెట్టుకుంటే చాలు, మీరు బండి ఎక్కక్కర్లేదు, కార్డు ఇంటికొచ్చేస్తుంది" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం మనసు లాగింది. ఆలోచించి చెప్తానని ఇంటికి వచ్చాను. అసలు ఈ పరీక్ష అనేది ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అప్పుడు పుట్టింది నాకు సందేహం. దొరికినవి చదివాను. ఆ సంగతులే ఇవాళ మీకు చెప్పబోతున్నాను.

మా తాతగారి ఎడ్లబండికి ఏ పరీక్షా లేదు. సంత నుంచి పొద్దుపోయి వస్తూ ఆయన బండిలో కునుకు తీసినా ఎడ్లు ఇల్లు చేర్చేవి. దారిలో మనిషి అడ్డం వస్తే ఎద్దే పక్కకు తప్పుకునేది. తోలేవాడి తెలివిలో సగం ఎడ్లదే అన్నమాట. మోటారు వచ్చాక ఆ సగం తెలివీ పోయి, మొత్తం భారం తోలేవాడి నెత్తిన పడింది. ఈ చిన్న సంగతి లోకానికి తలకెక్కటానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది.

మొట్టమొదట కారులో దూరప్రయాణం చేసింది ఒక ఆడది అని మీలో ఎందరికి తెలుసు? జర్మనీలో మాన్‌హైమ్ అనే ఊళ్ళో కార్ల్ బెంజ్ గారు 1886లో మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు పుచ్చుకున్నారు. ఆయన భార్య బెర్తా. తన కట్నం సొమ్ము పెళ్ళికి ముందే పుట్టింటివారిని అడిగి తెచ్చి ఆయన వ్యాపారంలో పెట్టిన ఇల్లాలు. బండి అయితే తయారైంది గాని కొనే నాథుడు లేడు. 1888 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం బెంజ్ గారికి, మీ బండి రోడ్డు మీద నడుపుకోవచ్చునని కాగితం రాసిచ్చింది. నేటి డ్రైవింగు లైసెన్సులన్నిటికీ ఆ కాగితమే ముత్తవ్వ అంటారు. కాగితం వచ్చింది భర్తకు. బండిని లోకానికి చూపించింది భార్య.

ఆ నెలలోనే ఒక తెల్లవారుజామున బెర్తా భర్తతో చెప్పకుండా పదిహేనేళ్ళ, పదమూడేళ్ళ కొడుకులిద్దర్నీ ఎక్కించుకుని, ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయలుదేరింది. దూరం వంద కిలోమీటర్ల పైమాటే. పెట్రోలు బంకులు అప్పటికి పుట్టలేదు. వీస్‌లోహ్ అనే ఊళ్ళో మందుల షాపు తలుపు తట్టి, మరకలు పోగొట్టే ద్రావకం కొని ఇంధనంగా పోసింది. గొట్టంలో నలక అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తీసింది. తీగ ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టింది. బ్రేకు కొయ్యలు అరిగిపోతే దారిలో చెప్పులు కుట్టే ఆయన చేత వాటికి తోలు కొట్టించింది. మన ఆడవాళ్ళ పని అంటే ఇదే కదా, చేతికందిన దానితో సర్దుకురావటం! ఒక్కచోట మాత్రం ఆవిడ యుక్తులు పారలేదు. మెరక వచ్చినప్పుడల్లా బండి ఎక్కనంది. పిల్లలు దిగి తోయవలసి వచ్చింది. తిరిగివచ్చాక ఆవిడ చెప్పిన మీదటే బెంజ్ గారు ఎత్తు ఎక్కటానికి ఇంకొక గేరు అమర్చారట. మెరక దగ్గర ఓడినదాన్ని నేనొక్కదాన్నే కానని అప్పుడు కాస్త ధైర్యం వచ్చింది నాకు.

బెర్తాకు ఎవరూ పరీక్ష పెట్టలేదు. పరీక్ష అనేది మొదలుపెట్టినవాళ్ళు ఫ్రాన్సువారు. పారిస్ నగర పోలీసు శాఖ 1893 ఆగస్టు 14న, మోటారు నడపాలంటే పరీక్షలో నెగ్గి యోగ్యతాపత్రం పుచ్చుకోవాలని ఉత్తర్వు వేసింది. 1899లో దాన్ని దేశమంతటికీ వర్తింపజేశారు. ఈ రెంటికీ మధ్య 1898లో ఉజెస్ డచ్చెస్ అనే ఒక జమీందారిణి పరీక్ష నెగ్గింది. ఫ్రాన్సులో ఆ పత్రం పొందిన తొలి మహిళ ఆవిడే. తమాషా ఏమిటంటే, ఆ ఏడాదే మితిమీరిన వేగంతో నడిపినందుకు జరిమానా కట్టిన మొదటి మహిళ కూడా ఆవిడేనట. గంటకు పన్నెండు కిలోమీటర్లు మించకూడని చోట పదిహేను పోయిందట!

ఇంగ్లండు కథ వేరు. నా మనసు పట్టి ఉంచింది ఆ కథే. 1896 ఆగస్టు 17. లండనులో క్రిస్టల్ ప్యాలెస్ అనే ఉద్యానవనం దగ్గర బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే ఇల్లాలు కూతురితోనూ స్నేహితురాలితోనూ వేడుక చూడటానికి నడిచి వెడుతోంది. జనాన్ని ఎక్కించుకుని సరదాకు తిప్పే మోటారు బండి ఒకటి ఎదురొచ్చింది. ఆవిడ అటు పోవాలో ఇటు పోవాలో తోచక నిలబడిపోయింది. బండి కొట్టేసింది. కారు గుద్ది పాదచారి చనిపోవటం ఆ దేశంలో అదే మొదలు. నడిపిన అతను గంటకు నాలుగు మైళ్ళే పోయానన్నాడు. అంటే మనిషి నడకకన్నా ఓ పిసరెక్కువ, అంతే. కాని అతను బండి పట్టుకుని మూడు వారాలే అయింది. రోడ్డుకు ఏ పక్కన పోవాలో కూడా ఎవరూ అతనికి చెప్పలేదట! విచారణ జరిపిన అధికారి, ఇలాంటిది ఇంకెన్నడూ జరగకూడదని ఆశించి, ప్రమాదవశాత్తు మరణమని రాసి ముగించాడు. ఆవిడ వయసు నలభై నాలుగు. నా వయసే.

అధికారి ఆశ ఫలించలేదని వేరే చెప్పాలా? 1903లో ఇంగ్లండులో చట్టం వచ్చింది. 1904 జనవరి 1 నుంచి నడిపే ప్రతివాడికీ లైసెన్సు ఉండాలన్నారు. అయితే అది పరీక్ష లేని లైసెన్సు. అయిదు షిల్లింగులు కడితే ఇచ్చేవారు. నాతో మాట్లాడిన ఆ పెద్దమనిషి లైసెన్సు లాంటిదే! తేడా ఏమిటంటే అక్కడ అది చట్టం ఇచ్చిన సదుపాయం, ఇక్కడ చట్టం కళ్ళు కప్పటం. ముప్పై ఏళ్ళు అలాగే నడిచింది. 1934లో ఆ దేశపు రోడ్ల మీద ఉన్నవి అన్నీ కలిపి సుమారు 24 లక్షల వాహనాలు. ఆ ఒక్క ఏడాదిలో చనిపోయినవారు 7,343 మంది. వారిలో దాదాపు సగం మంది నడిచి పోయేవాళ్ళు. అప్పటికి గాని పార్లమెంటు కదలలేదు.

1935 మార్చి నుంచి, ఇష్టమున్నవాళ్ళు పరీక్షకు రండి అన్నారు. జూన్ 1 నుంచి తప్పనిసరి చేశారు. అది కూడా 1934 ఏప్రిల్ 1 తరువాత మొదలుపెట్టినవాళ్ళకే. అంతకుముందు నుంచి నడుపుతున్నవాళ్ళు ఎలా నడిపినా సరే, పరీక్ష లేదు. "నేను పాతికేళ్ళుగా నడుపుతున్నాను, నాకు చెప్తావా" అనే మగవాళ్ళు అక్కడా ఉన్నారు కాబోలు. రుసుము ఏడున్నర షిల్లింగులు. మొదట్లో పరీక్షకు వేరే ఆఫీసులంటూ లేవు. రైల్వే స్టేషను దగ్గరకో, పార్కు దగ్గరకో రమ్మని చెప్పి ఇనస్పెక్టరు అక్కడ కలుసుకునేవాడు. ఆ ఏడాది సుమారు 2,46,000 మంది దరఖాస్తు పెట్టారు. హాజరైనవారిలో నూటికి అరవై ముగ్గురు నెగ్గారు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు నాలాగే తల వంచుకుని ఇంటికి పోయారు. ఆ తప్పినవారి వల్లే ఆ రోడ్ల మీద ఎందరు బతికారో ఎవరు లెక్కగట్టగలరు?

ఇక్కడ ఒక ముచ్చట. డొరొతీ లెవిట్ అని మోటారు పందాల్లో పాల్గొన్న ఇంగ్లీషావిడ 1909లో ఆడవాళ్ళ కోసం కారు మీద ఒక పుస్తకం రాసింది. మీతో ఒక చేతి అద్దం ఉంచుకోండి, మొహం చూసుకోవటానికే కాదు, పైకెత్తి పట్టుకుని వెనక వచ్చే బండి చూసుకోవటానికి కూడా పనికొస్తుంది అని చెప్పిందావిడ. అప్పటికి కార్లకు అద్దాలు మామూలు కాలేదు. ఇవాళ పరీక్షలో కూర్చోగానే చేయవలసిన మొదటి పని ఆ అద్దం సర్దుకోవటమే.

మన దేశంలో మొదట కారు నడిపిన మహిళ సుజాన్ టాటా అని చెప్తుంటారు, 1905లో. విమానాల జె.ఆర్.డి. టాటా గారి తల్లి ఆవిడ. లైసెన్సు ఉండాలన్న చట్టం 1914లో వచ్చింది. 1939 చట్టంలో పరీక్షలో ఏమేమి చూడాలో జాబితాగా రాశారు. ఇప్పుడున్నది 1988 నాటి చట్టం, 1989 జులై 1 నుంచి అమలులోకి వచ్చింది. ముందు గుర్తులూ నియమాలూ తెలుసో లేదో చూసి ఆరు నెలలు చెల్లే నేర్చుకునే లైసెన్సు ఇస్తారు. బండికి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్ర 'ఎల్' అక్షరం కట్టుకోవాలి. పక్కన లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి. నెల గడిచాక అసలు పరీక్ష. తప్పితే వారం దాకా మళ్ళీ రాకూడదు. మూడుసార్లు తప్పితే అరవై రోజులు ఆగాలి. ఆ నిబంధనల్లో ఒకటి చదివి నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నిటారు మెరక మీద ఆపి, మళ్ళీ కదిపేటప్పుడు బండి వెనక్కి జారకూడదట. నేను తప్పింది అక్షరాలా అక్కడే.

పల్లెల్లో మోటారు వాహనాల ఇనస్పెక్టరుగారిని ఇప్పటికీ బ్రేకినస్పెక్టరనే అంటారు. ఎవరు పెట్టారో గాని ఎంత చక్కని పేరు! బండి పోవటం చూడటం కాదు, ఆగటం చూడటం ఆయన ఉద్యోగం. ఆడవాళ్ళకు ఇది చేతకాదనే మాట మీకూ ఎవరైనా అని ఉంటారు. తెలంగాణ నుంచి వెళ్ళిన సరిత అనే అమ్మాయి 2015లో ఢిల్లీ ప్రభుత్వ బస్సులకు మొదటి మహిళా డ్రైవరు అయింది. ఆ బస్సు పక్కన మన కారు అగ్గిపెట్టె.

2022 ఒక్క ఏడాదిలో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. ఈ అంకె చూసిన తరువాత ఆ పెద్దమనిషికి ఫోను చేసి, వద్దు బాబూ అన్నాను. "మీ ఇష్టమమ్మా, ఇంకా రెండుసార్లు తప్పుతారు" అన్నాడు. తప్పితే తప్పుతాను.

మావారికి పగటి చూపు బాగానే ఉంది గనక రోజూ తెల్లవారాక ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మా కాలవ వంతెన మెరక మీదికి వెడుతున్నాను. హ్యాండు బ్రేకు బిగించి ఉంచాలి. క్లచ్చి మెల్లగా వదులుతూ, ఇంజను మోత మారేదాకా ఆగాలి. బండి ముక్కు రవ్వంత పైకి లేచినట్టు తెలుస్తుంది. అప్పుడు బ్రేకు వదలాలి, అంతకు ముందు కాదు. ఇంటికి రాగానే మా అత్తగారు "ఇవాళైనా జారకుండా ఎక్కిందా?" అని అడుగుతారు. మొన్న సరిగ్గా వంతెన నడిమెత్తున బండి ఆపితే, పాల క్యాన్లు కట్టుకున్న సైకిలబ్బాయి ఒకడు దిగి తోసుకుంటూ వచ్చి నా వెనకే నిలబడ్డాడు. అద్దంలో అతని మొహం కనపడుతోంది. తప్పుకోమని చెయ్యి ఊపబోయారు మావారు. వద్దన్నాను. మోత మారేదాకా ఆగాను. బ్రేకు వదిలాను. బండి ముందుకే కదిలింది.

పరీక్ష వచ్చే గురువారం.